మొదటి బొట్టు

బెల్జియంలోని బ్రూజ్‌లో ఆఖరి రోజు సన్నటి వానతో తెల్లవారింది. హోటల్ కింది గదిలో కాఫీ వాసన, వెన్నలో కాల్చిన రొట్టెల వాసన. కిటికీ పక్కనే కాలువ. నీళ్ళు పారుతున్నాయో లేదో తెలియనంత నిదానంగా, నల్లగా ఉన్నాయి.

సృజన్ ఫోన్‌లో ఆ రోజు ప్లాన్ తెరిచి టేబుల్ మీద పెట్టాడు. పడవ, గంటల గోపురం, లంచ్, చాక్లెట్ల షాపు, సాయంత్రం బ్రస్సెల్స్‌కి రైలు, మర్నాడు ఇంటికి ఫ్లైట్.

"నేను గోపురం ఎక్కను," అంది మృదుల, పొట్ట మీద ప్లేటు ఆనించుకుని.

"నువ్వెక్కవని తెలుసు. అది నాకు. నువ్వు కింద కూచుని వాఫుల్ తింటావు. ప్లాన్‌లో ఉంది చూడు."

"నా ఆకలిని కూడా ప్లాన్‌లోకి ఎక్కించావన్నమాట."

"అది ఎక్కించకపోతే మిగతా ప్లానంతా కొలాప్స్ అవుతుంది కదా."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసమే ఈ ప్రయాణం. అమెరికాలోని ట్రాయ్‌లో, కార్ల బ్యాటరీలు చేసే కంపెనీలో సృజన్ ఉద్యోగం. ఏ బ్యాటరీ ఎన్నాళ్ళకి చేతులెత్తేస్తుందో ముందుగా లెక్కకట్టి చెప్పడం అతని పని. కానీ తన ఇంట్లో రెండుసార్లు జరిగినదాన్ని అతని లెక్క ఏదీ ముందుగా చెప్పలేదు. రెండుసార్లూ నాలుగో నెల దాటకుండానే కడుపు నిలవలేదు. ఈసారి మాత్రం ప్రతి ఆదివారం, ఈ వారం గడిస్తే బిడ్డ బతికి బట్టకట్టే అవకాశం నూటికి ఎంతో మృదులకి చెప్పేవాడు. మొదట్లో ఆమె చెవులు మూసుకునేది. తర్వాత తనే అడగడం మొదలుపెట్టింది. ఏడో నెల వచ్చింది. లెక్క తొంభై దాటింది. డాక్టర్ ప్రయాణానికి ఓకే చెప్పింది. మృదుల తల్లి కృష్ణవేణి పురుడు పోయడానికి గుంటూరు నుంచి ముందుగానే వచ్చి, ట్రాయ్‌లో వాళ్ళింట్లోనే ఉంది.

ఆవిడ నుంచి వీడియో కాల్ వచ్చేసరికి వీళ్ళు పడవ దిగి, తడిసిన రాళ్ళ వీధిలో నడుస్తున్నారు. అక్కడ ఇంకా తెల్లవారుతూనే ఉంది.

"అమ్మలూ, ఇవాళ దశమి. శనివారం సీమంతం పెట్టుకుని ఇంకా పిలుపులు మొదలుపెట్టలేదు. రేపూ ఎల్లుండీ రోజులు బాలేవు."

"అందరికీ వాట్సాప్‌లో చెప్పేశాంగా అమ్మా."

"వాట్సాప్ పిలుపు పిలుపేనా? మొదటి బొట్టు అమ్మవారికి పెట్టి పిలవాలి. అప్పుడే అది శుభకార్యం. నేనే పెట్టేదాన్ని. మీ నాన్న పెదనాన్నగారబ్బాయి పోయాడాయె. శుక్రవారం దాకా నాకు మైల. దేవుడి గది గుమ్మం తొక్కకూడదు. నీకైతే మైల లేదు. నీ బ్యాగులో భరిణె పెట్టాను చూడు. ఏ అమ్మవారైనా సరే, ఒక్క బొట్టు పెట్టి, రమ్మని చెప్పు."

"ఇక్కడ అమ్మవారెక్కడ దొరుకుతుంది అత్తయ్యా?" అన్నాడు సృజన్, ఫోన్లోకి తల పెట్టి.

"తల్లి లేని ఊరుంటుందా బాబూ? వెతకండి."

వాన పెరిగింది. గోపురం ప్లాన్ ఎలాగూ పోయింది. కాలువ మలుపులో, రెండు ఇటుక ఇళ్ళ మధ్య ఇరుక్కున్నట్టు ఒక చిన్న చర్చి కనిపించింది. తలుపు ఓరగా తీసి ఉంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

లోపల పగలు లేదు. ఎత్తున ఎక్కడో రంగుటద్దాలు, వాటిలోంచి బూడిదలాంటి వెలుతురు. ఆరిన కొవ్వొత్తుల వాసన, దాని కింద తడి రాతి వాసన. చాలా ఏళ్ళుగా మూసి ఉంచిన నేలమాళిగ తలుపు తీసినట్టు. బయట అంత వాన కురుస్తున్నా, లోపలికి చప్పుడు రావడం లేదు.

ఎదురుగా మేరీమాత. ఒళ్ళో బిడ్డ, చుట్టూ దీపాలు. కానీ ఆ విగ్రహం నిచ్చెన వేస్తేగానీ అందనంత ఎత్తులో ఉంది.

"ఈవిడ నుదురు అందదు," అంది మృదుల.

ఎడమవైపు గోడలో ఒక గూడు. గూటికి అడ్డంగా నడుమెత్తు ఇనప కటకటాలు. వాటి వెనక రాతి మనిషి కూర్చుని ఉంది. ఆడమనిషి. నిలువెత్తు మనిషి కూర్చుంటే ఎంతుంటుందో అంతే. తల మీద ముసుగు, నున్నటి ముఖం. రెండు చేతులూ ముందుకు వంచి, పసిబిడ్డని పట్టుకున్నట్టు పెట్టుకుంది. చేతుల్లో మాత్రం ఏమీ లేదు. ఒళ్ళో రాయి బాగా అరిగి, గుంటపడి మెరుస్తోంది.

"బిడ్డ విరిగిపోయినట్టుంది, పాపం," అంది మృదుల. "ఎవరో సెయింట్ అయ్యుంటుంది. ఈవిడయితే చేతికి అందుతుంది."

ఆవిడ ముందు ఒక్క కొవ్వొత్తి కూడా లేదు. ఆ సంగతి సృజన్ చూశాడు. చూసి, మంచిదే, ఎవరూ అడ్డు రారు అనుకున్నాడు. కటకటాల గడియ తనే తీసి పట్టుకున్నాడు.

మృదుల భరిణె తెరిచి, ఉంగరపు వేలితో కుంకుమ తీసి, రాతి నుదుటి మీద పెట్టింది. వెంటనే వేలు వెనక్కి తీసుకుంది.

"ఏంటి?"

"ఏం లేదు. చెమట పట్టినట్టుంది."

"రాళ్ళకి తేమ ఉంటుంది. నువ్వు కానియ్."

మృదుల చేతులు జోడించింది. వాళ్ళమ్మ పేరంటాలకి పిలిచే గొంతునే తెచ్చుకుని, "శనివారం పొద్దున మా ఇంట్లో సీమంతం. మీరు తప్పకుండా రావాలండీ," అంది.

సృజన్ ఊరుకోలేదు. "అడ్రెస్ చెప్పకుండా పిలుస్తారా ఎవరైనా?" అని, రాతి చెవి దగ్గరికి వంగి ట్రాయ్‌లో తమ వీధి పేరు, ఇంటి నంబరు, జిప్ కోడ్‌తో సహా చెప్పాడు. "డోర్‌బెల్ పనిచెయ్యదండీ. తలుపు తట్టండి."

"చాల్లే," అంటూ మృదుల నవ్వింది. నవ్వు ఎక్కడా మోగలేదు. అంత ఎత్తు కప్పు కింద మోగాలి నిజానికి.

వాళ్ళు కటకటాలు దాటి వెనక్కి తిరిగేసరికి, నడవలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో తడి గొడుగు, తలకి స్కార్ఫు. ఆవిడ చూపు మృదుల పొట్ట మీద ఉంది.

"ఆవిడతో ఏమన్నారు?" అని మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

"మా ఆచారం," అన్నాడు సృజన్. "బేబీ ఫంక్షన్‌కి ఇన్వైట్ చేశాం. జస్ట్ ఫర్ ఫన్."

ముసలావిడ నవ్వలేదు. తలకున్న స్కార్ఫు విప్పింది. ముఖం పక్కకి తిప్పుకుని, తడుముకుంటూ గూటి దగ్గరికి వెళ్ళి, ఆ స్కార్ఫుని రాతి ముఖం మీద కప్పింది. గడియ వేసింది.

"పిల్లల కోసం చూసే ఆడవాళ్ళు ఈ పక్కకి రారు. మేము ఆవిడతో మాట్లాడం." మళ్ళీ మృదుల పొట్ట వైపు చూస్తూ అడిగింది. "మీ ఊరు దూరమా?"

"చాలా దూరం. అమెరికా."

"అయితే సరే," అంది. ఆ గొంతులో మాత్రం సరే లేదు.

బయటికొచ్చాక మృదులకి సృజన్ వాఫుల్ కొనిచ్చాడు. ఆమె రెండు ముక్కలు తిని పక్కన పెట్టింది. చూపుడువేలుతో ఉంగరపు వేలి కొస రుద్దుకుంటూ కూర్చుంది.

"ముసలివాళ్ళ నమ్మకాలు మృదూ. మన ఊళ్ళో పిల్లి ఎదురొస్తే ఆగరూ? అలాంటివే."

"బేబీ కదులుతోంది," అంది ఆమె. "చర్చిలో ఉన్నంతసేపూ కదల్లేదు."

సాయంత్రం రైలు కదిలాక కృష్ణవేణి మళ్ళీ ఫోన్ చేసింది. మంచి హుషారు మీద ఉంది.

"బొట్టు పెట్టావా అమ్మలూ? శుభం. నువ్వు పెట్టిన వేళ మంచిది. ఇక్కడ పొద్దున్నే ముత్తైదువ ఇంటికొచ్చింది."

"ఎవరమ్మా?"

"తెల్లావిడ. మీ వీధిలో ఆవిడే అనుకున్నాను. నేనింకా కాఫీ కలుపుకుంటున్నాను. తలుపు తట్టింది. తీస్తే, నుదుటిన ఎంత నిండుగా బొట్టు పెట్టుకుందో! మన పద్ధతులు తెలిసినావిడేమోనని లోపలికి రమ్మన్నాను. వానలో తడిసొచ్చింది పాపం."

సృజన్ ఫోన్‌లో ట్రాయ్ వాతావరణం చూశాడు. అక్కడ మూడు రోజులుగా ఎండ.

"ఏం మాట్లాడింది?" అని అడిగాడు.

"మాటే లేదు బాబూ. నాకు ఇంగ్లీషు రాదని కనిపెట్టినట్టుంది. ఇల్లంతా చూసింది. బిడ్డకని మీరు సర్దిన గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. పోయేటప్పుడు చెయ్యి చాపింది. వచ్చిన ముత్తైదువని ఒట్టి చేతుల్తో పంపకూడదు. కానీ మైలలో తాంబూలం ఎలా ఇవ్వను? అందుకని వేళ్ళ మీద సైగ చేసి చెప్పాను. శనివారం రా తల్లీ, మా అమ్మాయి ఒడి నింపుతున్నాం, నీకు రావలసింది అప్పుడు తీసుకెళ్ళు అని. అప్పుడు నవ్వింది."

రైలు సొరంగంలోకి వెళ్ళింది. కిటికీ అద్దంలో మృదుల ముఖం తెల్లగా, కళ్ళు మూసుకుని...

ఇల్లు చేరిన రాత్రి సృజన్ మొదట బిడ్డ గదిలోకి వెళ్ళాడు. లేత పసుపు గోడలు, తెల్ల ఉయ్యాల. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాసన మాత్రం కొత్తది. ఆరిన కొవ్వొత్తులు. దాని కింద తడి రాయి.

జరిగిందంతా అత్తగారికి చెప్పాడు. ఆవిడ కుర్చీలో కూలబడి చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంది.

"సీమంతం క్యాన్సిల్ చేద్దాం అత్తయ్యా."

"ముహూర్తం పెట్టి మానేస్తే బిడ్డకి అరిష్టం బాబూ."

"పోనీ ఆవిడని రావద్దని చెప్పే పద్ధతి ఏదైనా ఉందా? మంత్రమో, పూజో."

కృష్ణవేణి అతని వంక జాలిగా చూసింది. "బొట్టు పెట్టి పిలిచినవాళ్ళని రావద్దని ఎలా అంటాం? అలాంటి పద్ధతి మనకి లేదు. మీరు పిలిచారు. నేనూ పిలిచాను. తీసుకెళ్ళమని కూడా నా నోటితో నేనే..."

మృదుల మెట్ల మీద నిలబడి వింటోంది. "ఆపొద్దు," అంది. "రెండుసార్లు ఇంతదాకా రాలేదు. ఇప్పుడు వచ్చింది. నా బిడ్డకి జరగాల్సినవి జరగాలి."

ఆ రాత్రి సృజన్ నిద్రపోలేదు. తెల్లావిడ ఎవరైనా ఆ పొద్దున పొరబాటున తమ తలుపు తట్టే అవకాశం ఎంత? తడిసి ఉండే అవకాశం? బొట్టుతో ఉండే అవకాశం? ఒకదాన్నొకటి గుణించుకుంటూ పోయాడు. ఎలా లెక్కేసినా సున్నా పక్కకొచ్చి ఆగింది. సున్నా మాత్రం రాలేదు. ఆ మిగిలిన కాస్తనీ పట్టుకుని తెల్లారేదాకా మేలుకునే ఉన్నాడు.

శనివారం ఎండ ఫెళ్ళున కాసింది. పొద్దున్నుంచే ఇల్లు నిండిపోయింది. పట్టుచీరలు, గాజుల చప్పుళ్ళు, పులిహోర పోపు వాసన. వంటల బాధ్యత నెత్తిన వేసుకున్న జయంతి ఆంటీ హాలంతా తనే అయి తిరుగుతోంది.

"ఏమయ్యా సృజన్, గుమ్మంలో సెక్యూరిటీ గార్డులా నిలబడ్డావేంటి? పెళ్ళికి కూడా ఇంత సీరియస్‌గా లేవు నువ్వు."

"వచ్చేవాళ్ళని రిసీవ్ చేసుకుంటున్నా ఆంటీ."

"రిసీవ్ చేసుకుంటున్నావా, ఐడీలు చెక్ చేస్తున్నావా?"

అతను నిజంగానే చెక్ చేస్తున్నాడు. వెనక తలుపుకి తాళం వేశాడు. గరాజ్ తలుపుకి లోపలి నుంచి గొళ్ళెం పెట్టాడు. ఎవరొచ్చినా తన ముందు నుంచే రావాలి. ఒక్కొక్కరే వచ్చారు. అందరూ తెలిసిన ముఖాలే. తెలియని మనిషి ఒక్కరు కూడా రాలేదు.

హాలు మధ్యలో మృదుల ఆకుపచ్చ చీరలో కూర్చుంది. చేతుల నిండా గాజులు. ఆడవాళ్ళు వరసగా వచ్చి బొట్టు పెట్టి, గంధం రాసి, ఆమె ఒళ్ళో పళ్ళు, పసుపు కొమ్ములు, చలిమిడి పెట్టి వెళ్తున్నారు. ఎవరో పాట అందుకున్నారు. మిగతావాళ్ళు గొంతు కలిపారు.

అప్పుడు వచ్చింది వాసన.

పోపు వాసన మధ్యలోంచి, అగరొత్తుల మధ్యలోంచి... సన్నగా... తడి రాయి.

సృజన్ గుమ్మం వైపు చూశాడు. తలుపు వేసే ఉంది. గడప మీద ఎండ పడుతోంది. తిరిగి హాల్లోకి చూశాడు. పాట సాగుతూనే ఉంది. మృదుల తల పైకెత్తింది. ఎదురుగా ఎవరూ లేరు. ఆమె ఎవరికో నవ్వింది. మర్యాదగా, కొంచెం అలసటగా. నుదురు ముందుకి వంచింది.

ఆమె ఒళ్ళోని కొబ్బరికాయ పక్కకి దొర్లింది. ఒక చెయ్యి దాన్ని జరిపి దారి చేసుకున్నట్టు...

"మృదూ."

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. అతను చేరేసరికి ఆమె ముందు జయంతి ఆంటీ నిలబడి ఉంది, పళ్ళెం పట్టుకుని.

"ఏమైందయ్యా? మగవాళ్ళకి ఇక్కడేం పని?"

అందరూ నవ్వారు. మృదుల కూడా నవ్వింది. బుగ్గల మీద గంధం, మెడలో పూలు. ముఖం రంగు కూడా మామూలుగానే ఉంది. వాసన లేదు. వచ్చినంత తొందరగా పోయింది.

మధ్యాహ్నానికి అందరూ భోంచేసి, తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయారు. కృష్ణవేణి ప్రతి ఒక్కరినీ గుమ్మం దాకా సాగనంపి, ఆఖరున తలుపు వేసి, దానికి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. "రాలేదు బాబూ," అంది. "తల్లి దయ. రాలేదు."

సృజన్ ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. హాల్లో రాలిన పూలు, కాగితప్పళ్ళేలు. మధ్యలో అదే కుర్చీలో మృదుల కూర్చుని ఉంది. ఇంకా లేవలేదు. ఒడి నిండా పళ్ళున్నాయి.

అతను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అయిపోయింది. లే, పడుకుందువుగాని."

"సృజన్."

"ఊఁ."

"అందరూ ఒళ్ళో పెట్టారు." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఒకావిడ మాత్రం తీసుకుంది."

"ఎవరు? ఏం తీసుకుంది?"

మృదుల ఒళ్ళోని పళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగింది.

"మృదూ, బేబీ కదులుతోందా?"

ఆమె అతని కళ్ళలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

హాస్పిటల్‌కి ఎలా డ్రైవ్ చేశాడో అతనికి గుర్తులేదు. వెనక సీట్లో కృష్ణవేణి తనకి తెలిసిన దేవుళ్ళందరినీ గొణుగుతోంది. ప్రసవాల వార్డులో వాళ్ళని వెంటనే గదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ నిండా సాయంత్రపు ఎండ. నర్సు పొట్ట మీద జెల్ రాసి, గుండె చప్పుడు వినిపించే చిన్న మెషీన్ ఆనించింది. అటు జరిపింది. ఇటు జరిపింది.

ఏమీ లేదు... గరగర...

ఏమీ లేదు...

అప్పుడు వినిపించింది. టకటకటక, హుషారుగా పరిగెడుతున్నట్టు. తెర మీద నంబరు వెలిగింది. నూట నలభై రెండు. సృజన్‌కి ఆ లెక్క నోటికొచ్చు. మంచి నంబరు. చాలా మంచి నంబరు. అతను గోడకి చెయ్యి ఆనించి ఏడ్చేశాడు.

"పర్ఫెక్ట్," అంది నర్సు. "నిద్రపోతోందంతే. మమ్మల్ని భయపెట్టకమ్మా, చిన్నీ."

కృష్ణవేణి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మృదుల కదల్లేదు. ఆ చప్పుడు వింటోంది. ముఖంలో సంతోషం లేదు.

నర్సు మెషీన్ పొట్ట మీంచి తీసింది. జెల్ తుడిచింది. బటన్ నొక్కి ఆపేసింది. తెర నల్లబడింది.

టకటకటక.

నర్సు మెషీన్ వంక చూసింది. బటన్ మళ్ళీ నొక్కింది. వంగి, గోడలోంచి ప్లగ్ పీకింది.

టకటకటక...

మృదుల మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూసింది. అప్పుడు సృజన్‌కి కూడా అర్థమైంది. చప్పుడు గదిలో లేదు. తలుపు అవతల, కారిడార్‌లో ఉంది. తొందరేమీ లేనట్టు... ఒక్కొక్క గదే దాటుకుంటూ... దూరమవుతోంది.